మా ఇంట్లో ‘నీ ఇష్టం’ అంటే

మా అమ్మాయికి ఒకే వారంలో రెండు యూనివర్సిటీల్లో సీటొచ్చింది. ఒకటి సొంత రాష్ట్రంలోది. వీధి చివర బస్సెక్కి మధ్యలో ఒకసారి మారితే, పొద్దున కట్టిన అన్నం డబ్బా చల్లారేలోపు దాని గేటు ముందు దిగొచ్చు. రెండోది పక్క రాష్ట్రంలోది. రైల్లో ఒక రాత్రంతా పడుకుని, తెల్లారి లేచి, మళ్ళీ బస్సెక్కాలి. రెండూ ప్రభుత్వానివే, రెండిటికీ మంచి పేరే. మొదటిదాన్లో ఫిజిక్సు, రెండోదాన్లో వాతావరణ శాస్త్రం. డిగ్రీలో ఆ చదువు మా రాష్ట్రంలో ఎక్కడా లేదు.

ఫీజు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ ఆ గొడవ ఎత్తను. వాళ్ళ లెక్కలో మా పిల్ల బయటి పిల్ల కాబట్టి వాళ్ళ పిల్లల దగ్గర తీసుకునేదానికి మూడింతలు తీసుకుంటారు. వాళ్ళిచ్చే స్కాలర్‌షిప్పు పోను మిగిలింది మేమిద్దరం సంపాదించేదాంట్లో బిగువుగా సరిపోతుంది. మునిగిపోము, అలాగని హాయిగా ఈదనూలేము. ఆ మాట నేనూ మా ఆయనా కూర్చుని తేల్చుకున్నాం, పిల్లకి కూడా చెప్పాం. కాబట్టి తర్వాత జరిగిన బాగోతానికి ఎవరైనా డబ్బు మీద నెపం వేస్తే నేనొప్పుకోను.

ఇంట్లో వాటి పేర్లు ‘మనది’, ‘వాళ్ళది’. “మనది ఎప్పుడు తెరుస్తారట?” “వాళ్ళది హాస్టలు ఎలా ఉంటుందో?” ఈ పేర్లు పెట్టింది మా ఆయనే. ఏ దురుద్దేశమూ లేదు, నోటికొచ్చిందేదో అనేశాడు. కానీ ఒకదాన్ని మనది అని, ఇంకోదాన్ని వాళ్ళది అని పిలుస్తూ, నీక్కావలసింది ఎంచుకోవే అంటే ఏ పిల్ల మాత్రం ఏమెంచుకుంటుంది? ఈ సంగతి నేను మొదటి రోజే గమనించాను. గమనించి ఊరుకున్నాను.

ఎందుకు ఊరుకున్నానో చెప్పాలంటే నా ఉద్యోగం సంగతి చెప్పాలి. నేను కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్ష చేస్తాను. షాపు వెనక చిన్న చీకటి గది, అందులో ఒక ఎత్తు కుర్చీ, ఎదురుగా దీపం వెలిగే అక్షరాల చార్టు. వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన గుండ్రటి ఫ్రేము పెట్టి, అందులో ఒక్కో అద్దం మారుస్తూ “ఇది బాగుందా? ఇది బాగుందా?” అని అడగడమే నా పని. వినడానికి ఇంతే. కానీ ఆ రెండు ‘ఇది’ల మధ్య గొంతు ఒక్క పిసరు మారినా పరీక్ష చెడినట్టే. జనం మహా మొహమాటస్తులు. రెండో అద్దం దగ్గర నేను కాస్త హుషారుగా పలికితే చాలు, అక్షరం కనిపించకపోయినా “ఆఁ, ఇదే బాగుందండీ” అంటారు. ఆ జోడు పెట్టుకుని తలనొప్పి తెచ్చుకుని, వారం తిరక్కుండా వచ్చి కౌంటరు దగ్గర కేకలేస్తారు. నాకు పని నేర్పిన డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది, “నీ గొంతు గోడలా ఉండాలమ్మా” అని. అప్పట్నుంచి నా గొంతు గోడే.

పిల్ల ఈ రెండు సీట్ల సంగతి ఎత్తినప్పుడల్లా నేను ఆ గొంతుతోనే మాట్లాడాను. ఇక్కడైతే ఇది లాభం, అక్కడైతే అది లాభం. ఇక్కడ ఈ ఇబ్బంది, అక్కడ ఆ ఇబ్బంది. ఏ తల్లి ఇంత న్యాయంగా ఉంటుంది అని లోపల్లోపల గర్వం కూడా ఉండేది. మా పెద్దాడపడుచు ఫోన్ చేసి “దూరపు కొండలు నునుపు. చేతికందిన సీటు వదిలి అంతదూరం ఏంటి?” అన్నప్పుడు కూడా, “అది తేల్చుకుంటుంది వదినా” అన్నానే తప్ప ఇటు మొగ్గలేదు, అటు మొగ్గలేదు.

దానికేది కావాలో మాకు తెలీదా అంటే, తెలుసు. కళ్ళున్నవాళ్ళెవరికైనా తెలుసు. చిన్నప్పట్నుంచి అది తల దించి నడిచిన పాపాన పోలేదు. ఆకాశం చూస్తూ నడిచి రెండుసార్లు కాలవలో పడింది. అందుకే వాళ్ళ నాన్న దానికి ‘మబ్బు’ అని పేరు పెట్టాడు, అదే ఉండిపోయింది. ఎనిమిదో క్లాసులో ప్లాస్టిక్ సీసా అడ్డంగా కోసి, డాబా మీద వాన కొలిచే గొట్టం పెట్టుకుంది. సాయంత్రం గొడుగు అవసరమవుతుందా అని మా షాపువాళ్ళు కూడా పొద్దున్నే నాకు ఫోన్ చేసి దాన్నడగమనేవారు. చెప్పింది తప్పిన రోజున అన్నం కూడా సరిగ్గా తినకుండా, ఎందుకు తప్పిందో మాకు వివరించేది. మాకు ముక్క అర్థమయ్యేది కాదు, ఊఁ కొట్టేవాళ్ళం.

శుక్రవారం సాయంత్రం లోపల ఏదో ఒకటి ఖాయం చెయ్యాలి. బుధవారం భోజనాల దగ్గర అది వాళ్ళ నాన్ననడిగింది.

“నాన్నా, ఎల్లుండితో ఆఖరు. ఏం చెయ్యమంటావు?”

ఆయన కంచంలోంచి తలెత్తలేదు. నమిలింది మింగి, మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు, “నీ ఇష్టం.”

పిల్ల చెయ్యి కంచంలో ఆగింది. “సరే నాన్నా” అంది. మిగిలింది గబగబా తినేసి, లేచి కంచం కడిగేసి, తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఇందులో తప్పేముంది, ఎంత మంచి తండ్రి అని మీకనిపిస్తే, మీరు మా ఇంట్లో పెరగలేదన్నమాట. మా ఇంట్లో ‘నీ ఇష్టం’ అంటే నీ ఇష్టమని కాదు. వద్దని.

ఇది ఒక్కరోజులో నేర్చుకున్న సంగతి కాదు. పెళ్ళయిన కొత్తలో ముందుగదికి నీలం రంగు వేయిద్దామా అని అడిగాను. “నీ ఇష్టం” అన్నాడు. ఎంత మంచి మొగుడు దొరికాడే అని మురిసిపోయి వేయించాను. నెలరోజులు ఆ గదిలోకి మొహం చిట్లించుకుంటూ వచ్చాడు, చిట్లించుకుంటూ వెళ్ళాడు. బాగాలేదని నోటితో అంటే ఒట్టు. చివరికి నేనే కక్కలేక మింగలేక, మళ్ళీ తెల్లరంగు వేయించేశాను. పిల్ల ఏడో క్లాసులో ఉండగా స్కూలువాళ్ళు సముద్రం చూపించడానికి తీసుకెళ్తామన్నారు. అప్పుడూ “నీ ఇష్టం” అన్నాడు. పిల్ల అప్పటికే మా ఇంటి భాషలో ఆరితేరింది, పేరు కూడా ఇవ్వలేదు. ఏమే, వెళ్ళవా అంటే “నాన్న నీ ఇష్టం అన్నాడుగా” అంది. నాకూ ఆ ఒక్క ముక్కతో అర్థమైపోయింది. ఇక దాని మీద ఎవరం మాట్లాడుకోలేదు.

ఇంకో వింత ఏమిటంటే, ఈ మనిషికి మాటలు రాక కాదు. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఎక్కడైనా లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయి మనుషులు ఇరుక్కుంటే, వెంటనే పరిగెత్తేది ఈయనే. మెషిన్ రూములో పని ఇంకొకళ్ళు చూస్తుంటే, ఈయన తలుపు దగ్గర నిలబడి లోపలివాళ్ళతో మాట్లాడతాడు. ఒకసారి నేను కళ్ళారా చూశాను. “పెద్దమ్మా, హాయిగా కింద కూర్చోండి. గాలికేం లోటు లేదు, పైన కంతలున్నాయి. మీకు పిల్లలెంతమంది? పెద్దది ఏం చేస్తోంది? అబ్బో!” అంటూ గడగడా మాట్లాడుతున్నాడు. ఏడుస్తున్న ముసలామె తలుపు తెరుచుకునేసరికి నవ్వుతోంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఆయన నోరు ఊరందరికీ మంచిదే. ఇంటి గుమ్మం తొక్కేసరికి ఆ నోట్లో రెండే ముక్కలు మిగులుతాయి.

గురువారం పొద్దున్న పిల్ల తలదువ్వుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

“అమ్మా, మనదాంట్లోనే చేరతాను. ఇంటి దగ్గర్నుంచి వెళ్ళిరావచ్చు. ఫిజిక్సు చేస్తే తర్వాత పీజీలో వాతావరణం తీసుకోవచ్చట. హాస్టలు తిండి పడకపోతే అదో బాధ. పైగా అక్కడ భాష కూడా కొత్తే కదా.”

అన్నీ మంచి కారణాలే. తడుముకోకుండా, వరసగా చెప్పింది. నాకు షాపులో కొంతమంది గుర్తొచ్చారు. డ్రైవింగ్ లైసెన్సు కోసం చూపు బాగుందని సర్టిఫికెట్ కావాలి కాబట్టి చార్టు ముందే బట్టీ పట్టి వస్తారు. వాళ్ళూ ఇలాగే గడగడా చదివేస్తారు. నిజంగా చూసి చదివేవాళ్ళు మధ్యలో ఎక్కడో ఒకచోట తడబడతారు.

“ఆలోచించుకున్నావా?” అన్నాను, గోడ గొంతుతో.

“ఆలోచించుకున్నా.”

మా ఆయన గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్నాడు. అంతా విన్నాడు. “సరే” అన్నాడు. ఆ లేసులు కట్టుకోవడానికి అంతసేపెందుకు పట్టిందో నాకర్థం కాలేదు. పెట్టిన టీ పెట్టినట్టే ఉండగా వెళ్ళిపోయాడు.

ఆ రోజు షాపులో నేను మామూలు మనిషిని కాను. పిల్ల మీద కోపం లేదు, పాపం దానిదేం తప్పు? కోపమంతా ఆయన మీదే. పంపడం ఇష్టం లేకపోతే లేదని మొహం మీద చెప్పొచ్చుగా! అది ఏడ్చేది, పోట్లాడేది, ఏదో ఒకటి తేలేది. నీ ఇష్టం అనేసి, చేతికి మట్టంటకుండా పిల్ల చేతే దాని సీటు వదిలించాడు. ఆ మాటే పొద్దుట్నుంచి మనసులో తిరుగుతుంటే, సరిగ్గా మధ్యాహ్నం ఆ పెద్దమనిషే షాపులోకొచ్చాడు.

“లిఫ్టు ప్యానెల్లో చిన్న అక్షరాలు కనపట్టం లేదు. చూస్తావా?” అన్నాడు.

నెలరోజుల్నుంచి రండి రండి అని బతిమాలితే రాని మనిషి, ఇవాళ వచ్చాడు. చత్వారం వచ్చే వయసే. కుర్చీలో కూర్చోబెట్టి, తలుపేసి, దీపం ఆర్పి, ఫ్రేము ముక్కు మీద పెట్టాను. దూరం చార్టు ఆఖరి వరస దాకా చదివేశాడు. దగ్గర చదివే కార్డు చేతికిచ్చి, దాని మీదికి చిన్న దీపం వంచి, అద్దాలు మార్చడం మొదలుపెట్టాను.

“ఇది బాగుందా? ఇది బాగుందా?”

“ఏదైనా పర్లేదు.”

“పర్లేదు కాదండీ. రెండింట్లో ఏది బాగుంది?”

“నీ ఇష్టం” అన్నాడు.

అంతే, అగ్గి మీద గుగ్గిలం అయిపోయాను. ఇన్నేళ్ళలో ఆ గదిలో నేను గొంతెత్తింది అదే మొదటిసారి.

“కళ్ళు మీవా నావా? నా ఇష్టమేమిటి? నిన్న దాన్ని కూడా ఇలాగే అన్నారు. అది నోరు మూసుకుని ఇక్కడే చేరతానంది. ఇప్పుడు చల్లగా ఉందా మీకు?”

ఆయన ఫ్రేములోంచి నావైపు చూశాడు. దగ్గర అద్దాల వెనక కళ్ళు ఇంతింత పెద్దవిగా ఉన్నాయి.

“నాకేం చల్లగా ఉంటుందే? అది వెళ్తుందనే అనుకున్నా. ఇక్కడే ఉంటానందేమిటో నాకే తెలీలేదు.”

“మీరు వద్దన్నాక ఎలా వెళ్తుంది?”

“నేనెప్పుడు వద్దన్నాను?”

“నీ ఇష్టం అన్నారుగా!”

“అదే చెప్తున్నా. నీ ఇష్టం అన్నాను.”

ఒకే దుప్పటి పట్టుకుని చెరో కొసా లాగుతున్నట్టుంది మా వ్యవహారం. బయట కౌంటరులో మాటలు ఆగిపోయాయి, అందరూ చెవులు రిక్కించి ఉంటారు. నేను గొంతు తగ్గించాను.

“మీరు నీ ఇష్టం అంటే వద్దని కాదా?”

“వద్దని ఎందుకవుతుంది? ఆ మాటకి అర్థమే నీ ఇష్టమని కదా.”

“మరి ఆ నీలం రంగు? నెలరోజులు మొహం చిట్లించుకుని తిరిగారు!”

“పెయింటు వాసనకి తలనొప్పొచ్చేది. వాసన పోయి, ఇప్పుడు బాగుందనుకునేసరికి నువ్వు తెల్లరంగు వేయించావు. నాకా నీలమే బాగుండేది. పోనీలే, నీ ఇష్టమని ఊరుకున్నా.”

చేతిలో అద్దాన్ని డబ్బాలో పెట్టేశాను.

“సముద్రం?” అన్నాను.

“దానికి భయమేమో, అందుకే వెళ్ళలేదనుకున్నాను. ఎండకి టోపీ కూడా కొన్నాను. నా పనిముట్ల సంచిలో చాలాకాలం ఉంది.”

“అంటే ఎప్పుడూ వద్దనే ఉద్దేశం లేదా మీకు?”

“ఉంది. కొన్నిసార్లు వద్దనే అన్నాను.”

“ఎప్పుడెప్పుడు?”

“ఏమో, అన్నీ గుర్తుంటాయా? మీ తమ్ముడు నా బండి అడిగినప్పుడు మాత్రం వద్దనే.”

మా తమ్ముడు ఆ మాట నిజమని నమ్మి బండి తీసుకెళ్ళి, హెడ్‌లైటు పగలగొట్టుకొచ్చాడు. మా ఇంట్లో ‘నీ ఇష్టం’ని ఉన్నదున్నట్టు నమ్మింది వాడొక్కడే. అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు. ఆ మసక చీకట్లో కార్డు వేళ్ళతో తిప్పుతూ మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎదురుగా మొహం కనిపించకపోతే ఈ మనిషికి మాటలొస్తాయని నాకప్పుడు తెలిసింది.

“మా నాన్న సంగతి నీకు తెలుసుగా. నేనేం చదవాలో ఆయనే చెప్పేవాడు, ఎక్కడ చేరాలో ఆయనే చెప్పేవాడు. చొక్కా రంగు కూడా ఆయనే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన నోట నీ ఇష్టంరా అనే మాట వినాలని ఉండేది. వినలేదు. నాకు పిల్లలు పుడితే ఆ మాట నేను చెప్పాలి అనుకునేవాణ్ణి. అందుకే అంటాను. ఇంకేం అనాలో నాకు తెలీదే.”

నేను వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన ఎన్నాళ్ళుగానో దాచుకుని మాకు పెట్టిన మాట అది. మేమిద్దరం దాన్ని వద్దుగా మార్చుకుని తిన్నాం. ఎవర్ని తిట్టాలో కూడా నాకు తెలియలేదు. ఆయన మొహం మాత్రం తక్కువ తిందా? ఎవరికైనా ఏదైనా ఇచ్చేటప్పుడు ఆ మొహం కాస్త విప్పి ఇవ్వాలి కదా!

“మరి అది వెళ్ళడం మీకిష్టమేనా?” అనడిగాను.

“అది వెళ్ళాలి” అన్నాడు. అది నా ప్రశ్నకి జవాబు కాదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఫ్రేము తీసి నా చేతికిచ్చాడు. ఆయనతో పనిచేసేవాళ్ళలో ఒకతను ఆ యూనివర్సిటీ ఉన్న ఊరివాడేనట. అతన్ని పట్టుకుని హాస్టలు ఎలా ఉంటుంది, స్టేషన్నుంచి ఎంత దూరం, చలి ఎంత అని ముందు వారమే అన్నీ అడిగి పెట్టుకున్నాడట. అవన్నీ పిల్లకి చెప్పడానికి, అది అడిగే రోజు కోసం చూస్తున్నాడు.

సాయంత్రం ఇద్దరం కలిసే ఇంటికెళ్ళాం. పిల్ల ముందుగదిలో లాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంది. ‘మనది’ పేజీ తెరిచే ఉంది, ఇంకా నొక్కలేదు. ఆయన బూట్లు కూడా విప్పలేదు.

“మబ్బూ, వాళ్ళదాంట్లో చేరు” అన్నాడు.

అది నావైపు చూసింది. “అమ్మ చెప్పించిందా?”

“లేదు. నేనే చెప్తున్నా.”

“మరి నిన్న నీ ఇష్టం అన్నావుగా.”

“అవును, నీ ఇష్టమనే అన్నాను.”

“తెలుసు నాన్నా. అందుకే ఇక్కడ చేరతానన్నా.”

మళ్ళీ మొదటికొచ్చింది. ఇక లాభం లేదని నేనే మధ్యలో దూరి, పరీక్ష గదిలో జరిగిందంతా చెప్పాను. నీలం రంగు, తలనొప్పి, టోపీ. టోపీ దగ్గరకొచ్చేసరికి దాని మొహం మారింది. తేలికపడుతుందనుకున్నాను. అది లాప్‌టాప్ మూత టప్పుమని వేసింది.

“ఇప్పుడా చెప్పేది? ఎన్ని రోజులు చూశానో మీకు తెలుసా? ఇద్దర్లో ఒక్కరైనా, ఒక్కసారైనా, వెళ్ళవే అంటారేమోనని. నాన్నేమో నీ ఇష్టం. నువ్వేమో కళ్ళ పరీక్ష. ఇది బాగుందా, అది బాగుందా! నీ గొంతులో ఏముందో వెతుక్కోలేక చచ్చాను. ఒక్కదాన్నీ నేనేం తేల్చుకోను? వెళ్తే నా కోసం వెళ్ళినట్టు. ఉంటే మీ కోసం ఉన్నట్టు. మీ కోసమే ఉందామనుకున్నా, ఇంకేం చెయ్యను?”

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇది అడిగింది, రోజూ అడిగింది. నేను అడిగినా పెట్టలేదు, పైగా అది న్యాయమనుకున్నాను. నాకు కుర్చీలో కూర్చోవాలనిపించింది, కూర్చున్నాను.

“వద్దు” అన్నాడు మా ఆయన.

నేనూ పిల్లా ఇద్దరం ఒకేసారి తలెత్తి చూశాం. ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. అది పుట్టి పద్దెనిమిదేళ్ళు, అదీ వినలేదు.

“ఇక్కడ చేరొద్దు. మా కోసం ఉండొద్దు. వద్దంటున్నాను, వినపడుతోందా?”

గొంతు పెద్దదయింది. పెద్దదయ్యేసరికి ఆయనకే భయమేసినట్టుంది, ఆగిపోయాడు. పిల్ల లేచి నిలబడింది.

“నేను వెళ్ళడం నీకిష్టమేనా నాన్నా?”

“లేదు” అన్నాడు. “నాకిష్టం లేదు. పొద్దున లేస్తే నువ్వు ఇంట్లో ఉండవు అనుకుంటేనే నాకేం బాగాలేదు. అయినా ఇక్కడ చేరొద్దు. నా బాధ నేను పడతాను, అది నా గొడవ.”

పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే నావైపు తిరిగింది. ఏమీ అడగలేదు, ఊరికే చూసింది. నేను నోరు తెరిస్తే ముందు నాకూ ఏడుపొచ్చింది, తర్వాత మాటొచ్చింది.

“వెళ్ళవే” అన్నాను. “నువ్వు వెళ్ళాలనే నాకుంది. మొదటి రోజు నుంచీ ఉంది.”

“మరి చెప్పవేం?”

“చెప్తే నువ్వు నా కోసం వెళ్తావేమోనని.”

అది ఏడుపులోనే నవ్వింది. “మీ ఇద్దరితో నాకు చావొచ్చింది” అంది. ముక్కు తుడుచుకుని, మళ్ళీ కూర్చుని, లాప్‌టాప్ తెరిచి, ‘మనది’ పేజీ మూసేసింది. రెండో యూనివర్సిటీ పేజీ తెరిచింది. మేమిద్దరం దాని కుర్చీ వెనక చెరో వైపూ నిలబడ్డాం. పేరు, పుట్టిన తేదీ, మార్కులు, అన్నీ అప్పటికే నింపి ఉన్నాయి. ఎప్పుడు నింపిందో మేమడగలేదు. ఆఖర్న ఒక్కటి మిగిలింది. లోకలా, నాన్-లోకలా? అది నాన్-లోకల్ దగ్గర నొక్కింది.

“తప్పు నొక్కావు చూడు” అన్నాడు ఆయన, వేలు పెట్టి చూపిస్తూ. “మనం లోకలే కదా.”

“ఇక్కడ లోకలు నాన్నా. అక్కడికి నేను బయటిదాన్ని.”

ఆయన వేలు తెర మీద అలాగే ఉంది. పిల్ల తొందరపెట్టలేదు, ఆయన తీసేదాకా ఆగింది. నేను ఆయన చెయ్యి పట్టుకుందామనుకున్నాను కానీ పట్టుకోలేదు.

“అలాగే ఉంచు” అన్నాడు, చెయ్యి తీసేసి.

అది ఖాయం చేసింది. కింద పచ్చరంగులో ఏదో వచ్చింది, సీటు మీదేనని, ఫలానా తేదీకి రమ్మని. ఆయన ఆ తేదీని పైకి చదివాడు. ఒకసారి తప్పు చదివి, కళ్ళు చిట్లించి, మళ్ళీ సరిగ్గా చదివాడు.